గద్దింపు తరువాతి వచనం

‘ప్రేమ కలిగి సత్యము చెప్పుచు’ అని పౌలు ఎఫెసీయులకు రాసిన మాట (4:15) మన సంఘాలలో పెరిగిన వారెవరికైనా కంఠస్థమే. అయితే ఆ మాటను మనం ఆచరణలో పెట్టే పద్ధతి మీద నాకు చాలాకాలంగా ఒక అభ్యంతరం ఉంది. సత్యాన్ని తక్కెడలో ఒక పళ్లెంలోనూ ప్రేమను రెండో పళ్లెంలోనూ పెట్టి, ఒకటి పెరిగితే రెండోది తగ్గక తప్పదన్నట్టు, ఎదుటి మనిషిని బట్టి కొంత నిజం తగ్గించి కొంత మెత్తదనం పెంచడమే విశ్వాసికి తగిన మర్యాద అన్నట్టు మనం మాట్లాడుకుంటాం. నా దృష్టిలో ఆ రెండింటికీ మధ్య తూకం కుదర్చవలసిన పోటీ ఏదీ లేదు. నిజం చెప్పాలా, మనసు నొప్పించకుండా ఊరుకోవాలా అన్న ప్రశ్న దగ్గరే మనం ఆగిపోతున్నాం. చెప్పిన తరువాత, లేదా చెప్పకుండా ఊరుకున్న తరువాత, దాని భారం ఎవరి మీద పడుతుంది, దాన్ని మోయడానికి మనం ఉంటామా లేదా అన్న ప్రశ్న దాకా వెళ్లడం లేదు.

ప్రతి సంఘంలోనూ రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ‘నాకు దేవుని భయమే గాని మనుషుల భయం లేదు, ఉన్నది ఉన్నట్టు ముఖం మీదే చెప్పేస్తాను’ అనేవారు ఒక రకం. ‘ఒకరి మనసు కష్టపెట్టడం మనకెందుకు, ప్రార్థనలో పెడదాం లెండి’ అనేవారు రెండో రకం. మొదటివారు తమకు ధైర్యం ఉందనుకుంటారు, రెండోవారు తమకు దయ ఉందనుకుంటారు, ఒకరినొకరు విమర్శించుకుంటూ ఉంటారు. కానీ ఆ సంభాషణ ముగిసిన తరువాత ఏం జరిగిందో గమనిస్తే ఇద్దరూ చేసింది ఒక్కటే. మొదటి మనిషి కఠినమైన మాట చెప్పి తన ఇంటికి తాను వెళ్లిపోయాడు, రెండో మనిషి చెప్పవలసిన మాట చెప్పకుండా తన ఇంటికి తాను వెళ్లిపోయాడు. తప్పులో ఉన్నవాడు మాత్రం ఆ తప్పుతో, లేదా ఆ అవమానంతో, ఒంటరిగా మిగిలిపోయాడు.

లేఖనంలో గద్దింపు గురించిన ఆజ్ఞలు ఎక్కడ ఉన్నాయో, వాటి పక్కన ఏమున్నదో చూడడం నాకు ఈ విషయంలో చాలా సహాయపడింది. ‘నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను’ అన్న మాట లేవీయకాండము పంతొమ్మిదో అధ్యాయం పద్దెనిమిదో వచనంలో ఉందని చాలామందికి తెలుసు. దానికి ముందున్న పదిహేడో వచనం, సహోదరుని మీద హృదయంలో పగ పెట్టుకోవద్దని, అతని పాపం నీ మీదికి రాకుండా అతణ్ణి తప్పక గద్దించాలని చెబుతుంది. అంటే చెప్పకుండా ఊరుకోవడం అక్కడ దయగా లెక్కకు రాలేదు, పగకు పక్కింటిదిగా లెక్కకు వచ్చింది. అలాగే గలతీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయం మొదటి వచనంలో, తప్పిదంలో చిక్కుకున్న మనిషిని సాత్వికమైన మనసుతో మంచి దారికి తీసుకురమ్మని పౌలు చెప్పాడు. వెంటనే వచ్చే రెండో వచనం ‘ఒకని భారముల నొకడు భరించి’ అని మొదలవుతుంది. మనం ఈ వచనాలను విడివిడిగా కంఠస్థం చేసి, మొదటిదాన్ని గద్దించడానికీ రెండోదాన్ని ఆదరించడానికీ వేర్వేరు ఆదివారాలలో వాడుకుంటున్నాం. రాసినవాడు వాటిని ఒక ఊపిరిలో రాశాడు. కఠినమైన నిజం చెప్పే హక్కు, ఆ నిజం తెచ్చిపెట్టే భారంలో పాలు పంచుకునే సిద్ధపాటు ఎంత ఉంటే అంతే ఉంటుందని నేను ఈ వరుసను బట్టి అర్థం చేసుకుంటున్నాను.

ఈ మాట ఎంత బరువైనదో మన ఇళ్లలో పెళ్లి విచారణలప్పుడు తెలుస్తుంది. నూరు అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చేయమన్నారనే సామెత తెలుగువారందరిదీ, అందులో మతభేదం లేదు. పోతన భాగవతంలో వామన చరిత్ర దగ్గర, వివాహాల విషయంలోనూ ప్రాణానికీ ధనానికీ మానానికీ భంగం కలిగే సమయంలోనూ బొంకవచ్చునని, అందువల్ల పాపం అంటదని చెప్పే పద్యాన్ని పెళ్లిపెద్దలు ఎంత ఉత్సాహంగా చదువుతారో నేను విన్నాను. ఆ పద్యం చెప్పింది శుక్రాచార్యుడనీ, బలి చక్రవర్తి ఆ సలహాను వినకుండా తన నాలుక వెనక్కి తిరగదని చెప్పి, సర్వస్వం పోతుందని తెలిసి కూడా దానం ఇచ్చాడనీ మాత్రం ఎవరూ గుర్తు చేయరు. ఆ కథలో గౌరవం దక్కింది సలహా ఇచ్చినవాడికి కాదు, అబద్ధం వల్ల మిగిలేదాన్ని కాదనుకున్నవాడికి.

మన సంఘాలలో పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా ఉండవలసింది. లూథరన్, సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం) వంటి సంఘాలలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు వివాహ ప్రకటన చదివి, న్యాయమైన అభ్యంతరం ఎవరికైనా ఉంటే తెలియజేయమని అడిగే ఆచారం ఉంది. అది మంచి ఆచారమే, కానీ అది అడిగేది ఇంతకుముందే పెళ్లయిందా, దగ్గరి రక్తసంబంధం ఉందా వంటి చట్టపరమైన అడ్డంకుల గురించి. అబ్బాయి తాగుతాడా, అప్పులు ఉన్నాయా, తల్లి మీద చేయి చేసుకుంటాడా అన్నవి ఆ ప్రకటనలో రావు. అవి తెలుసుకోవడానికే అమ్మాయి తండ్రి సంఘ పెద్ద ఇంటికి వచ్చి, ‘మీరు దేవుని బిడ్డలు, మీ మాట మీద నమ్మకంతో అడుగుతున్నాను’ అంటాడు. అప్పుడు మన పెద్దలలో చాలామంది ‘మంచి అబ్బాయండీ, ఆరాధనకు వస్తాడు, కొంచెం కుర్రతనం ఉంది, పెళ్లయితే దారిలో పడతాడు’ అంటారు. ఆ జవాబులో దయ ఉన్నట్టే కనిపిస్తుంది. ఎవరి మీద దయ? అబ్బాయి తల్లిదండ్రుల మీద, రేపు గుడిలో వారి ముఖం చూడవలసిన తన మీద. దాని ఖరీదు చెల్లించేది ఆ గదిలో లేని మనిషి, వేరే ఊళ్లో చీర కొనుక్కోవడానికి సిద్ధమవుతున్న అమ్మాయి. ‘నీ పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు’ అన్న ఆజ్ఞను మనం సాధారణంగా నిందలకే వర్తింపజేస్తాం గాని, ఒకరికి హాని తెచ్చే అబద్ధపు మెచ్చుకోలు కూడా అబద్ధసాక్ష్యమే.

దీనికి ఎదురుగా నేను దగ్గర నుంచి చూసిన ఒక ఉదాహరణ ఉంది. మా పెదనాన్న సంఘ పెద్దగా ఉన్న రోజుల్లో ఇలాంటి విచారణే ఒకటి వచ్చింది. ఆయన అమ్మాయి తండ్రికి వెంటనే జవాబు చెప్పలేదు, రెండు రోజులు గడువు అడిగాడు. ఆ సాయంత్రమే అబ్బాయి ఇంటికి వెళ్లి, తండ్రీకొడుకులను కూర్చోబెట్టి, ‘నన్ను అడిగారు, నేను చూసింది చెప్పకుండా ఉండలేను, మీ నోటితో మీరే ముందు చెప్పుకుంటే మీకు మర్యాదగా ఉంటుంది’ అన్నాడు. వారు చెప్పుకోలేదు. అప్పుడు ఆయన అమ్మాయి తండ్రికి తాను స్వయంగా చూసిన విషయాలు మాత్రమే చెప్పాడు. ఊళ్లో అనుకునే మాటలలో ఒక్కటి కూడా కలపలేదు, తాను చూసినవాటిలో కూడా పెళ్లికి సంబంధం లేనివి చెప్పలేదు. సంబంధం తప్పిపోయింది, అబ్బాయి ఇంటివారు చాలాకాలం ఆయనకు వందనం కూడా చెప్పలేదు. ఆయన మాత్రం ఆ ఇంటికి వెళ్లడం మానలేదు. తలుపు తీయకపోతే వీధి అరుగు మీద కూర్చుని వచ్చేవాడు. చివరికి ఆ అబ్బాయిని, తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా కూడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడికలకు తన స్కూటరు మీద తీసుకువెళ్లింది ఆయనే, తాగుడు మానిన తరువాత మళ్లీ మొదలుపెట్టినప్పుడు రెండోసారి తీసుకువెళ్లిందీ ఆయనే. పెదనాన్న చెప్పిన నిజం ఎంత విలువైనదో ఆ స్కూటరు ప్రయాణాలు లేకపోతే నాకు అర్థమయ్యేది కాదు. ఆయన అన్ని ఏళ్లు తిరగకపోయి ఉంటే, అదే నిజం ఒక కుర్రాడి పెళ్లి చెడగొట్టిన మాటగానే మిగిలేది.

యేసు సమరయ స్త్రీతో మాట్లాడిన ఘట్టాన్ని (యోహాను 4) మనం ఎన్నోసార్లు విన్నాం. ఆమెకు అయిదుగురు పెనిమిట్లుండిరనీ, ఇప్పుడున్నవాడు ఆమె పెనిమిటి కాడనీ ఆయన నేరుగా చెప్పాడు. దాన్ని చూపించి, మనం కూడా ఇతరుల గతాన్ని బయటపెట్టవచ్చునని వాదించేవారిని నేను చూశాను. ఆయన ఆ మాట చెప్పినప్పుడు శిష్యులు ఆహారం కొనడానికి ఊళ్లోకి వెళ్లి ఉన్నారు, బావి దగ్గర ఆమె తప్ప ఇంకెవరూ లేరు. అంతకుముందే ఆయన ఆమెను నీళ్లు అడిగి, యూదులు సమరయులతో సాంగత్యం చేయని కాలంలో, ఆమె చేతి నీళ్లకు తాను చేయి చాపాడు. నలభయ్యో వచనం మనం దాదాపు ఎప్పుడూ ప్రసంగించం. ఊరివారు తమ దగ్గర ఉండమని వేడుకుంటే ఆయన అక్కడ రెండు రోజులు ఉండిపోయాడు.

నాతాను సంగతి కూడా ఇంతే. బత్షెబ విషయంలో దావీదు చేసిన పాపం గురించి గొర్రెపిల్ల కథ చెప్పి ‘ఆ మనుష్యుడవు నీవే’ అని ఆ రాజు ముఖం మీద అన్న ప్రవక్తగానే అతణ్ణి మనం గుర్తుపెట్టుకున్నాం (2 సమూయేలు 12). అదే అధ్యాయంలో, బిడ్డ చనిపోయి, సొలొమోను పుట్టిన తరువాత, యెహోవా ఆ పసివాణ్ణి ప్రేమించాడన్న సందేశంతో యదీద్యా అన్న పేరు ఆ ఇంటికి వచ్చింది నాతాను ద్వారానే. దావీదు ముసలివాడై మంచాన పడి, అదోనీయా రాజ్యం చేజిక్కించుకోబోయినప్పుడు, బత్షెబను రాజు దగ్గరికి పంపి సొలొమోనుకు అండగా నిలిచిందీ అతడే (1 రాజులు 1). ఏ ఇంటి పాపాన్ని బయటపెట్టాడో ఆ ఇంటి కష్టసుఖాలలో నాతాను ఏళ్ల తరబడి ఉన్నాడు. ‘ముఖం మీద చెప్పడం’ నాతాను నుంచి నేర్చుకున్నామనేవారు ఈ మిగతా భాగం కూడా నేర్చుకోవాలి.

ప్రార్థన పేరుతో జరిగే ఒక అన్యాయం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. గృహకూడికలో ‘ఫలానా సిస్టర్ వాళ్ల అమ్మాయి కోసం భారంగా ప్రార్థించండి, వివరాలు అడగకండి’ అని మొదలుపెట్టి, తలలు వంచేలోగా వివరాలన్నీ చెప్పేయడం మనందరం విన్నదే. అందులో అబద్ధం ఒక్కటీ ఉండకపోవచ్చు. నీవును అతడును ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడమని మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయం చెప్పిన మొదటి మెట్టును దాటేసి, నేరుగా అందరి ముందుకు వెళ్లే మాట నిజమైనా సరే, ఆ అమ్మాయికి దానివల్ల ఏ మేలూ జరగదు.

రోగి మంచం దగ్గర ఈ ప్రశ్న ఇంకా కష్టమవుతుంది, ఎందుకంటే అక్కడ మన అబద్ధాలన్నీ నిజమైన ప్రేమలో నుంచే పుడతాయి. మా పెద్దమ్మకు కేన్సర్ ముదిరిపోయిందని తెలిసినప్పుడు, ఆమెకు చెప్పవద్దని ఇంట్లో అందరూ కలిసి నిర్ణయించారు. మన కుటుంబాలలో ఇది మామూలే. రిపోర్టులు కొడుకు చేతికి వస్తాయి, డాక్టరుతో మాటలు వరండాలో జరుగుతాయి, రోగికి అల్సర్ అని చెబుతారు. చూడడానికి వచ్చిన విశ్వాసులు ‘నీకేం కాదమ్మా, క్రిస్మస్‌కు నువ్వే పిండివంటలు చేస్తావు’ అన్నారు. కొందరు దేవుడు తమకు బయలుపరచాడని కూడా చెప్పి, స్వస్థత ఖాయమని మాట ఇచ్చి వెళ్లారు. ఆమె అందరికీ నవ్వుతూ తల ఊపేది. చాలాకాలంగా మాటలు లేని తన చెల్లెలికి కబురు పంపాలని ఆమెకు ఉండేది. కానీ ఇంత ధైర్యంగా బతుకు గురించి మాట్లాడే మనుషుల మధ్య, చావుకు ముందు చేయవలసిన పనిని ఆమె ఎవరితో చెప్పుకోగలదు?

మా సంఘపు బైబిలు స్త్రీ, అంటే ఇళ్లకు వెళ్లి వాక్యం చెప్పే పరిచారకురాలు, ఒక సాయంత్రం వచ్చి అందరినీ టీ తాగి రమ్మని పంపి, ‘అమ్మా, నీకు ఏం తెలుసు? ఏం తెలుసుకోవాలని ఉంది?’ అని అడిగింది. తనకు అంతా తెలుసునని, పిల్లలు బాధపడతారని తెలియనట్టు ఉంటున్నానని పెద్దమ్మ చెప్పింది. అంటే, పిల్లలు తల్లి కోసం, తల్లి పిల్లల కోసం, ఒకరినొకరు కాపాడుకోవడానికి అబద్ధాలాడుతూ, చివరి వారాలను ఒకే గదిలో విడివిడిగా గడుపుతున్నారు. ఆ తరువాత చెల్లెలు వచ్చింది. బైబిలు స్త్రీ కూడా ప్రతి సాయంత్రం వచ్చేది, కొన్నిసార్లు ఒక్క మాట కూడా మాట్లాడకుండా కాళ్లు పట్టి వెళ్లేది. వైద్యులు చెడ్డ వార్త చెప్పడానికి నేర్చుకునే ‘స్పైక్స్’ అన్న ఆరు మెట్ల పద్ధతి గురించి నేను చాలా తరువాత చదివాను. 2000లో ప్రచురితమైన ఆ పద్ధతిలో, అనువైన చోటు చూసుకున్న తరువాత, రోగికి ఇప్పటికే ఏం తెలుసో, ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అడగడం వార్త చెప్పడానికి ముందే వస్తుంది. చివరి మెట్టు, ఇక ముందు ఏం చేద్దామో కలిసి ఆలోచించడం. మా బైబిలు స్త్రీకి ఆ పేరు తెలియదు, కానీ ఆమె చేసింది అదే. తెలుసుకోవడం ఇష్టం లేదని రోగి అంటే అప్పుడు చెప్పకపోవడమే న్యాయం. అడగకుండానే ఆమె తరఫున మనం నిర్ణయించడం మాత్రం దయ అనిపించుకోదు.

స్వస్థత ఖాయమని మాట ఇచ్చేవారి విషయంలో నా అభిప్రాయం ఇంకా గట్టిది. యోబు స్నేహితులు మొదట ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఏమీ పలకకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. ఆ ఏడు రోజులు వారు చేసింది సరిగ్గానే ఉంది. నోరు తెరిచిన తరువాత దేవుణ్ణి సమర్థించడం కోసం లేనిపోని మాటలు చెప్పారు, చివరికి దేవుడే వారి మీద కోపించి, వారు తనను గూర్చి యుక్తమైనది పలకలేదన్నాడు. దేవుడు చెప్పని మాటను దేవుడు చెప్పాడని రోగికి చెప్పడం, అది ఎంత తియ్యగా ఉన్నా, ఆయన పేరును వ్యర్థంగా ఉచ్చరించడమే. రోగి చనిపోయిన తరువాత ‘విశ్వాసం తక్కువైంది’ అన్న మాట ఆ ఇంటి గడప దాటి వస్తుంది, ఆ భారం మళ్లీ మిగిలినవారి మీదే పడుతుంది.

ఇక్కడ నిజాయితీగా ఎదుర్కోవలసిన అభ్యంతరం ఒకటి ఉంది. నిజం చెబితే ప్రాణం పోతుందన్నప్పుడు ఏం చేయాలి? ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరానికి బిషప్‌గా పనిచేసిన అగస్టీన్, అబద్ధం గురించి సుమారు 395లో ఒకటి, 420లో ఒకటి, రెండు గ్రంథాలు రాసి, ఏ పరిస్థితిలోనూ అబద్ధం తగదన్నాడు. మంచాన పడిన తండ్రి తన కొడుకు బతికే ఉన్నాడా అని అడిగితే, ఆ కొడుకు చనిపోయాడన్న వార్త అతణ్ణి చంపేస్తుందని తెలిస్తే ఏం చెప్పాలన్న ప్రశ్నను ఆయన దాటవేయలేదు. ఆ ఉదాహరణ తన మనసును కదిలిస్తుందని ఒప్పుకుని కూడా తన మాట మీదే నిలబడ్డాడు. నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించలేను. నిర్గమకాండము మొదటి అధ్యాయంలో, హెబ్రీయుల మగబిడ్డలను చంపమని ఐగుప్తు రాజు ఫరో ఆజ్ఞాపిస్తే, మంత్రసానులు షిఫ్రా, పూయా వారిని బతకనిచ్చి, తాము వెళ్లేలోపే హెబ్రీ స్త్రీలు ప్రసవిస్తున్నారని అతనికి కారణంగా చెప్పిన మాటను నేను తప్పుపట్టలేను. వారు దేవునికి భయపడ్డారని, దేవుడు వారికి మేలు చేశాడని వాక్యం చెబుతోంది. కానీ వారి మాటకూ, పెళ్లి విచారణలో ‘మంచి అబ్బాయండీ’ అన్న మన సంఘ పెద్ద మాటకూ తేడా ఎక్కడుందో గమనించండి. ఆ మంత్రసానులు తమ మెడ మీదికి తెచ్చుకున్నారు, ఇతరుల బిడ్డలు బతికారు. మన పెద్ద తన మర్యాద నిలుపుకున్నాడు, ఇతరుల బిడ్డ నష్టపోయింది. అగస్టీన్ తన మొదటి గ్రంథంలోనే తగాస్తె నగరపు బిషప్ ఫిర్మస్ గురించి చెప్పాడు. తాను దాచిన మనిషి కోసం చక్రవర్తి భటులు వచ్చినప్పుడు, అబద్ధం చెప్పననీ, అతణ్ణి అప్పగించననీ చెప్పి, ఎన్ని చిత్రహింసలు పెట్టినా ఆ మాట మార్చలేదు, చివరికి చక్రవర్తి ఆ మనిషిని క్షమించాడు. అబద్ధమాడినా ఆడకపోయినా, ఆ మంత్రసానులూ ఈ బిషప్పూ ఖరీదును తామే చెల్లించడానికి నిలబడ్డారు.

చివరిగా చెప్పవలసింది అధికారం గురించి. మృదువుగా మాట్లాడమన్న ఉపదేశం మన సంఘాలలో ఎవరికి ఎక్కువగా అందుతోందో చూస్తే నాకు బాధగా ఉంటుంది. కోడలికి అందుతుంది, అత్తగారికి అందదు. ప్రశ్న అడిగిన యువకుడికి అందుతుంది, ప్రసంగ పీఠం మీద నుంచి పేరు చెప్పకుండానే అందరికీ తెలిసేలా అతణ్ణి గద్దించిన వారికి అందదు. పైనున్నవారి కఠినత్వానికి సత్యమన్న పేరు, కిందివారి సత్యానికి తిరుగుబాటన్న పేరు వస్తున్నాయి. కానుకల లెక్క ఎవరైనా అడిగితే ‘నేనభిషేకించినవారిని ముట్టకూడదు’ అన్న వాక్యాన్ని ఎదురు చదువుతారు. అది నూట అయిదో కీర్తనలోది, అక్కడ ఆ మాట రాజులతో చెప్పింది. కొద్దిమందిగా, పరదేశులుగా, ఒక జనం నుంచి మరొక జనానికి తిరుగుతున్న మన పితరులకు హాని చేయవద్దని బలవంతులను దేవుడు గద్దించిన మాట అది. బలహీనులకు కాపుగా ఇచ్చిన వాక్యాన్ని బలవంతులు తమకు కాపుగా తీసుకోవడం సరికాదు. అభిషిక్తుడైన రాజు సౌలు మీద చేయి వేయనని నిలబడిన దావీదే, గుహ బయటికి వచ్చి, కోసిన వస్త్రపు చెంగు చేతిలో పట్టుకుని, అతని అన్యాయాన్ని అతని సైనికుల ముందే అతనితో చెప్పాడు (1 సమూయేలు 24).

పెద్దల మీద తేలికగా నిందలు వేయకూడదన్న నియమం ఉంది, ఉండాలి కూడా. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద దోషారోపణ అంగీకరించవద్దని పౌలు తిమోతికి రాశాడు. ఆ తరువాతి వచనంలోనే, పాపం చేసేవారిని అందరి యెదుట గద్దించమన్నాడు (1 తిమోతి 5:19-20). అంతియొకయలో కేఫా (పేతురు) అన్యజనులతో కలిసి భోజనం చేయడం మానినప్పుడు, నష్టపోయినవారు ఆ బల్ల నుంచి వేరైపోయిన అన్యజన విశ్వాసులు గనుక, పౌలు అందరి ముందే మాట్లాడాడు (గలతీయులకు 2). ఒంటరిగా మాట్లాడమన్న మత్తయి సువార్త మాట నాకూ నా సహోదరుడికీ మధ్య జరిగిన తప్పిదానికి. సంఘం సొమ్ముకూ, సంఘంలోని ఆడపిల్లల భద్రతకూ సంబంధించిన విషయాలను నాలుగు గోడల మధ్య తేల్చేయడానికి అది అనుమతి కాదు. లెక్కలు అడిగిన సభ్యుడి స్వరం కొంచెం పెరిగి ఉండవచ్చు, దాని గురించి అతనితో తరువాత మాట్లాడవచ్చు. మొదట ఆ లెక్కల పుస్తకం తెచ్చి, సంఘ సభ్యులందరూ చూసేలా బల్ల మీద పెట్టాలి.